సరంగు మీద ఒక వాక్యం

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

కొత్త వాడుకరి ‘ఉలి’ గారికి,

నమస్కారం. మన ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళలో ఒకరిని తోడు వేస్తారు. మీకు నేను పడ్డాను. నిజం చెప్పాలంటే జాబితాలో మీ పేరు చూసి నేనే అడిగి తీసుకున్నాను. అక్కడ నా పేరు ‘భూతద్దం’. బయట కళ్ళజోళ్ళకి అద్దాలు సానబెడతాను. రెండు చోట్లా కళ్ళు చెడగొట్టుకోవడమే పని.

మీరు చేరి మూడు రోజులైంది. మూడు దిద్దుబాట్లు చేశారు. మూడూ ఒకటే! ‘లాంచీ ప్రమాదం’ అనే వ్యాసంలోంచి ‘లాంచీ నడిపే సరంగు మద్యం మత్తులో ఉండటం వల్లనే ఈ ప్రమాదం జరిగింది’ అన్న వాక్యాన్ని తీసెయ్యడం. మూడుసార్లూ దాన్ని మళ్ళీ అతికించింది నేనే. కోపం తెచ్చుకోకండి. ఆ వాక్యం కింద ఒక వార్తాపత్రిక పేరు మూలంగా ఇచ్చి ఉంది. మూలం ఉన్న మాటని ‘ఇది తప్పు’ అని ఒక్క ముక్క రాసి పీకెయ్యడం మా దగ్గర కుదరదు. నాలుగోసారి చేస్తే మీ ఖాతాకి తాళం పడుతుంది. చేరిన వారంలోనే తాళం వేయించుకున్న ఘనత మీకెందుకు?

చర్చా పేజీలో రాస్తే లోకమంతా చదువుతుంది. కొత్తవాళ్ళని నలుగురిలో మందలించడం నాకు నచ్చదు. అందుకే ఈ మెయిలు. ఒక్క విషయం చెప్పండి. ఆ ప్రమాదంలో మీవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ఆ వ్యాసాన్ని మీరు ముట్టుకోకూడదు. సొంతవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరి చెయ్యీ నిలకడగా ఉండదు.

ఇట్లు,
భూతద్దం


రాళ్ళ షెడ్డు

మాస్టారూ,

నమస్కారం. మీరు మెయిలుకి కూడా పైన చోటు పేరు రాస్తారని చూసి నవ్వుకున్నాను. నవ్వుకున్నానని చెప్పి నేనూ రాశాను, చూడండి.

నాది రాతి మీద అక్షరాలు చెక్కే పని. గేట్ల మీద పేర్లు, ప్రారంభోత్సవాల ఫలకాలు, సమాధులు. ఈ చుట్టుపక్కల ఈ పని చేసే షెడ్డు మాదొక్కటే. పోయిన నెల, లాంచీ మునిగిన ఆ ఊరి రేవు కమిటీ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. లాంచీ మునిగి ముప్ఫై ఏళ్ళవుతోందిగా, రేవులో మనిషెత్తు నల్లరాయి నిలబెడతారట. దాని మీద చెక్కాల్సిన మాటలు కాగితం మీద రాసి పంపారు. అది మీ సర్వస్వంలోని మొదటి పేరా. అక్షరం పొల్లు పోకుండా దించేశారు. సరంగు తాగి ఉన్నాడన్న వాక్యంతో సహా.

కమిటీ వాళ్ళు వచ్చే నెల ఇరవయ్యో తారీఖున కూర్చుని మాటలు ఖాయం చేస్తారు. ఆ తర్వాత నేను ఉలి పట్టాలి. మీ పేజీలో తప్పు పడితే ఎవరో ఒకరు దిద్దుతారు. నా రాయి మీద పడితే మాత్రం రాయి పగలగొట్టాల్సిందే. ఇంకా నలభై మూడు రోజులుంది. రోజూ పొద్దున లేవగానే లెక్కపెడుతున్నాను.

ఆ మాట తప్పని నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కండి. మా వాళ్ళెవరూ ఆ నీళ్ళలో పోలేదు.

ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. నాకు కంప్యూటరు అంతగా రాదు, కానీ ఓపిక ఉంది. రాయితో పని చేసేదాన్ని.

ఉలి


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

ఉలి గారూ,

మీ ఉత్తరం చదివాక కాసేపు పని సాగలేదు. రాయి సంగతి నాకు తెలియదు. ఆ రేవున్నది మా ఊళ్ళోనే, అయినా ఆ కమిటీ గోల నా చెవిన పడలేదు.

అయినా నియమం నియమమే. ‘నాకు తెలుసు’ అన్నది మూలం కాదు. నాకూ చాలా విషయాలు తెలుసు. అవన్నీ నేను రాసి, మీకు తెలిసినవన్నీ మీరు రాసి, పక్కింటాయనకి తెలిసినవి ఆయన రాస్తే అది సర్వస్వం కాదు, సంత. ఎక్కడైనా అచ్చయి ఉండాలి, ఎవరైనా వెళ్ళి చూసుకునేలా ఉండాలి.

కాబట్టి పద్ధతిగా వెళ్దాం. ముందు ఆ వ్యాసం జోలికి వెళ్ళకుండా వేరే వ్యాసాలు పది బాగుచెయ్యండి. మీకు తెలిసిన రాళ్ళ గురించే చూసుకోండి. ఎక్కడ ఏ మాటకి మూలం లేదో పట్టుకోండి, గ్రంథాలయానికి వెళ్ళి వెతికి పెట్టండి. ప్రతి వ్యాసానికీ పైన ‘చరిత్ర’ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఏ వాక్యం ఎవరు ఏ రోజున చేర్చారో మొదటినుంచీ కనబడుతుంది. దాన్ని చదవడం నేర్చుకోండి. మా పనిలో సగం అదే.

ఆ తర్వాత, ఆ పత్రిక పాత సంచిక సంపాదించి చూడండి. పత్రికవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఏ కాగితం చూసి రాశారు? ఒక మూలం నమ్మదగినదా కాదా అన్నది ఆ మూలానికి ఏం మూలమో చూసి తేల్చుకోవాలి.

మీకు నిరాశ కలిగించాలని కాదు గానీ, సరంగు సంగతి ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే. ముప్ఫై ఏళ్ళుగా అందరూ అనుకుంటున్నదే.

భూతద్దం


గ్రంథాలయం, పాత పత్రికల బల్ల

మాస్టారూ,

పది చెప్పారు, పదమూడు చేశాను. సుద్దరాయి వ్యాసంలో ఎవరో మహానుభావుడు దాన్ని పలుగురాయి కంటే గట్టిదని రాశాడు. పుస్తకం చూపించి దిద్దాను. ఎవరూ వెనక్కి తిప్పలేదు. చెప్పొద్దూ, ఆ రోజంతా నేల మీద కాలు ఆనలేదు. మీరు ‘శభాష్’ అని ఒక్క మాట రాస్తే అచ్చు తీసి షెడ్డులో అంటించుకుందామని చూస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఆ పత్రిక దొరికింది. ఆదివారం సంచికలో సగం పేజీ, ‘మరుపురాని విషాదాలు’ అని. చదువుతుంటే ఎక్కడో విన్నట్టుంది. మీ వ్యాసాన్ని పక్కన పెట్టుకుని చూశాను. మాటలు అవే, వరుస కూడా అదే. ఎవరు చెప్పారన్న ఊసే లేదు. సరే, ముందు ఎవరు రాశారో చూద్దామని మీరు నేర్పిన చరిత్ర మీట నొక్కాను.

మాస్టారూ, ఆ వాక్యం మీ సర్వస్వంలోకి వచ్చిన ఏడాదీ రెండు నెలల తర్వాత ఆ పత్రిక వచ్చింది. అంటే పత్రిక మిమ్మల్ని చూసి రాసింది! తర్వాత మీరు పత్రికని చూపించి మీ మాట నిజమన్నారు. ఒకడు గోడ మీద ఏదో రాసి, రెండోవాడు దాన్ని చదివి పైకి చెబితే, చూశారా నేను చెప్పలేదూ అన్నట్టుంది.

వాక్యం చేర్చిన వాడుకరి పేరు ‘తీరం’. ఏ మూలమూ ఇవ్వలేదు. మొత్తం పందొమ్మిది దిద్దుబాట్లు చేసి మాయమైపోయాడు. ఆ తర్వాత ఎవరో ఆ వాక్యం పక్కన ‘మూలం కావాలి’ అని తగిలించారు. అది రెండేళ్ళు అలాగే వేలాడింది. చివరికి ఈ పత్రిక పేరు తెచ్చి పెట్టి, ఆ చీటీ తీసేసిన వాడుకరి ‘భూతద్దం’.

అది మీరే కదా. పొరపాటున జరిగి ఉంటుందిలెండి. మీరు రోజుకి ఎన్ని చూస్తారో నాకు తెలియదా. కానీ మీరు పాతవారు, మీకు అందరూ తెలుసు. ఈ తీరం ఎవరో కనుక్కోగలరా? ఆయన్ని పట్టుకుని ‘నీకెవరు చెప్పారయ్యా’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఇంకా ఇరవై ఆరు రోజులే ఉంది. అన్నం సహించడం లేదు.

ఉలి


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

ఉలి గారికి,

మీ పరిశీలన సరైనదే. పత్రికను మూలంగా చేర్చింది నేను. అది మన వ్యాసం నుంచే తీసుకున్నదన్న సంగతి తేదీలు చూసి గ్రహించి ఉండాల్సింది. గ్రహించలేదు. తప్పు నాది.

‘తీరం’ ఖాతా తొమ్మిదేళ్ళుగా వాడుకలో లేదు. ఉత్తరం రాసినా ప్రయోజనం ఉండదు.

అయితే ఉన్న మూలం పడిపోయినంత మాత్రాన మీ మాట నిజమైపోదు. గట్టి మూలం ఒకటి కావాలి. ప్రమాదం తర్వాత ప్రభుత్వం విచారణ జరిపించింది. దాని నివేదిక అచ్చయింది. ఒక ప్రతి ఇక్కడి రికార్డు గదిలో ఉండాలి. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరూ తెరిచి చూసినట్టు లేరు. నేను అర్జీ పెడతాను. వాళ్ళు ఎన్ని రోజులు తిప్పుతారో చెప్పలేను.

మీకు ఆ సంగతి ఎవరు చెప్పారో ఇప్పటికైనా చెబితే మంచిది.

భూతద్దం


రాళ్ళ షెడ్డు

మాస్టారూ,

మీ ఉత్తరం ఎందుకో ముక్తసరిగా ఉంది. తప్పు ఎత్తి చూపించానని నొచ్చుకున్నారేమో. అలాగైతే మన్నించండి. కానీ ఇక నేను కూడా దాచలేను.

ఆ లాంచీ సరంగు మా నాన్న.

మావాళ్ళెవరూ నీళ్ళలో పోలేదని రాశాను. అబద్ధం కాదు. ఈదుకుంటూ ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకి చేర్చాడు, మూడోసారి వెళ్ళేసరికి ఎవరూ కనబడలేదట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ నెలలోనే ఆ ఊరు వదిలేసి ఇక్కడికి వచ్చేశాం. మూడేళ్ళు గడిచాక బళ్ళో ఎవరికో తెలిసింది. ‘తాగుబోతు సరంగు కూతురు’ అని నా బెంచీ మీద చెక్కారు. చెక్కిన అక్షరాలు చూడటం నాకు అదే మొదలు. మా నాన్న జన్మలో చుక్క ముట్టలేదు మాస్టారూ. దగ్గు మందు కూడా వాసన చూసి వద్దంటాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ‘నువ్వెళ్ళి చెప్పొచ్చు కదా’ అని పోరేది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు నాన్నకి డెబ్భై రెండు దాటాయి. రోజూ షెడ్డుకి వచ్చి కూర్చుంటాడు. నేను చెక్కిన అక్షరాల్లోంచి పొడి ఊదేసి నున్నగా రుద్దడం ఆయన పని. కమిటీ పంపిన కాగితాన్ని నేను సొరుగులో దాచాను. మొన్న కొలబద్ద కోసం సొరుగు తీశాడు. కాగితం మొత్తం చదివాడు. మడిచి మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. ఏమన్నాడో తెలుసా? “అక్షరం కాస్త చిన్నది చేస్తే పదకొండు వరుసల్లో పడుతుంది” అన్నాడు. అంతే. మళ్ళీ పొడి ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఆ రాయి ఆయనే రుద్దాలి మాస్టారూ. ఆ వాక్యాన్ని కూడా.

సొంతవాళ్ళ గురించి ముట్టుకోకూడదని మీరు మొదటి రోజే చెప్పారు. తెలిసే దాచాను. నా ఖాతాకి తాళం వేయిస్తే వేయించండి. రికార్డు గది పని మాత్రం ఆపకండి. పంతొమ్మిది రోజులు.

ఉలి


రికార్డు గది వరండా, బెంచీ మీద

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. రాద్దామని కూర్చోవడం, లేవడం. అర్జీ పెట్టాను, రోజూ వచ్చి ఇక్కడ కూర్చున్నాను. ఈ రోజు నివేదిక చేతికొచ్చింది.

ముందు నీకు కావలసింది చెబుతాను. నలభై ఏడో పేజీ. ప్రమాదం జరిగిన గంటన్నరకి ప్రభుత్వ వైద్యుడు సరంగును పరీక్షించాడు. మద్యం తాగిన ఆనవాలు లేదని రాసి సంతకం చేశాడు. చుక్కాని గొలుసు తెగడం వల్ల లాంచీ గాలికి అడ్డం తిరిగి బోల్తా పడిందని తేల్చారు. ఆ గొలుసు మార్చమని సరంగు అంతకు ముందు రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాడు. ఆ రెండు కాగితాలూ నివేదికలో ఉన్నాయి. నలభై మందికి అనుమతి ఉంటే యాభై ఆరు మందికి టిక్కెట్లు కోసిన రేవు అధికారిని తప్పు పట్టారు. పదిహేడు మంది పోయారు.

పూర్తిగా చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను. నిండిపోయిన లాంచీని నడపనని నిలబడి ఉండాల్సిందని మీ నాన్నగారిని కూడా మందలించారు. కట్టుతాడు విప్పాక మళ్ళీ ఆపి ఇంకొంతమందిని ఎక్కించుకోవడం పొరపాటన్నారు. అది కూడా వ్యాసంలోకి రావాలి. నీకు నచ్చకపోయినా రావాలి.

ఇక నా సంగతి. నువ్వు దాచింది చెప్పావు. నేను దాచింది అంతకంటే పెద్దది.

తీరం నేనే.

ఆ పదిహేడు మందిలో మా తమ్ముడున్నాడు. ఇరవై రెండేళ్ళు. మర్నాడు పొద్దున అవతలి ఒడ్డున వాడికి ఉద్యోగం పరీక్ష. సరంగు తాగి ఉన్నాడని రేవులో ఎవరో అంటే అమ్మ విన్నది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అదే మాట. అమ్మ పోయిన నెలలో ఆ వ్యాసం మొదలుపెట్టాను. నేను సర్వస్వంలో రాసిన మొదటి అక్షరం అదే. ఎవరూ నాకు నియమాలు చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆ ఖాతా సంకేతపదం మర్చిపోయాను, కొత్త పేరుతో చేరాను. నియమాలన్నీ నేర్చుకున్నాను. ఊరందరి తప్పులూ పట్టాను. ఆ ఒక్క వాక్యం పక్కన ‘మూలం కావాలి’ అన్న చీటీ మాత్రం రోజూ పంటి కింద రాయిలా తగిలేది. పత్రికలో ఆ మాట అచ్చయి కనబడిన రోజున ఎంత ఊరట పడ్డానో చెప్పలేను. అది నా మాటే తిరిగి వచ్చిందని గుర్తుపట్టలేనంత తెలివితక్కువవాణ్ణి కాదు. గుర్తుపట్టదలచుకోలేదు.

ఇప్పుడు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

భూతద్దం


రాళ్ళ షెడ్డు

భూతద్దం గారికి,

రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

నన్ను నాలుగు వారాలు గ్రంథాలయం చుట్టూ తిప్పారు. సుద్దరాళ్ళ మీద పాఠాలు చెప్పారు. ‘మూలానికి మూలం చూడాలి’ అని నీతులు చెప్పారు. తీరం ఎవరో కనుక్కోండి మాస్టారూ అని నేను దేబిరిస్తుంటే ‘ఆ ఖాతా వాడుకలో లేదు’ అని చల్లగా రాశారు. అప్పుడు మీ చెయ్యి వణకలేదా? మీ అమ్మగారి బాధ నాకు అర్థమవుతుంది. తమ్ముడు పోయిన బాధా అర్థమవుతుంది. కానీ మా అమ్మ కూడా పోయింది. ఊళ్ళో ఒక్క పెళ్ళికి తలెత్తుకుని వెళ్ళకుండానే పోయింది.

నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పను?

నేను ముట్టుకోకూడదు, సరంగు కూతుర్ని. మీరూ ముట్టుకోకూడదు, పోయినవాడి అన్న. మరి ఆ వాక్యాన్ని ఎవరు తీస్తారు? మీ నియమాల్లో దీనికి ఏం రాసి ఉందో మీకే తెలియాలి. మీ దగ్గర ఎన్ని పద్ధతులున్నా నాకనవసరం. పది రోజుల్లో కమిటీ కూర్చుంటుంది. చర్చా పేజీలో, నలుగురూ చూసేచోట, తీరం నేనే అని రాయండి. నన్ను నలుగురిలో మందలించడం ఇష్టం లేదన్నారుగా. మిమ్మల్ని మీరు మందలించుకోండి.

ఉలి


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

అమ్మా,

రాశాను. సోమవారం దుకాణం తెరవకముందే కూర్చుని చర్చా పేజీలో మొత్తం పెట్టాను. తీరం, భూతద్దం ఒక్కడే అని. వాక్యానికి మూలం లేదని, పత్రిక మనల్ని చూసే రాసిందని, తెలిసీ తెలియనట్టు నేనే దాన్ని అతికించానని. మునిగినవారిలో నా తమ్ముడున్నాడని, కాబట్టి నేను ముట్టుకోనని. నివేదిక పేజీలన్నీ ఫొటోలు తీసి చేర్చాను. సంబంధం లేనివాళ్ళు ఎవరైనా చదివి నిర్ణయించమని అడిగాను. మన దగ్గర పద్ధతి అదే. నీ ప్రస్తావన తేలేదు.

ఆ తర్వాత చూడాలి నా అవస్థ. అయిదు నిమిషాలకోసారి ఫోను తీయడం, పెట్టడం. ఒకావిడ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమ వైపు బిగించేశాను. ఆవిడ పెట్టుకుని, “ఏమిటండీ, మీరు ఇద్దరు కనబడుతున్నారు” అంది. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజున ‘కందిరీగ’ అని ఒకరున్నారు, నాతో ఎనిమిదేళ్ళుగా ప్రతిదానికీ పోట్లాడేవాడు, వచ్చి నివేదిక అంతా చదివి వాక్యం తీసేశాడు. వైద్యుడి సంతకం సంగతి, గొలుసు సంగతి, మందలింపు సంగతి అన్నీ చేర్చాడు. కింద నాకు ఒక్క మాట రాశాడు, ‘పెద్దాయనా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి’ అని. నా నిర్వాహక హక్కులు నేనే వెనక్కి ఇచ్చేశాను. కొత్తవాళ్ళకి తోడు వేసే జాబితాలోంచి కూడా నా పేరు తీయించాను. నువ్వే ఆఖరిదానివి. శభాష్ అని రాయమని అడిగావు. నేను రాయాల్సినప్పుడు రాయలేదు.

కమిటీ వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాను, నివేదిక తీసుకుని. తలకొట్టేసినట్టయింది, కానీ చెప్పాను. మీ నాన్నగారు ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకి చేర్చిన సంగతి కూడా నివేదికలోంచి చూపించాను. మాటలు మార్చి నీకు పంపిస్తామన్నారు.

చర్చా పేజీలో రాయనిది ఒకటుంది. సర్వస్వానికి దానితో పని లేదు. నీకు చెప్పాలి.

ఆ సాయంత్రం రేవులో నేనున్నాను. ఆఖరి లాంచీ. నా వల్లే ఆలస్యమైంది, తమ్ముడి చొక్కా నచ్చక ఇంటికి తిప్పి పంపి మార్చుకు రమ్మన్నాను. వచ్చేసరికి తాడు విప్పేశారు, లాంచీ మూడు బారలు జరిగింది. నేను గొడుగు ఊపుతూ గొంతు చించుకుని అరిచాను. ఆపమని, ఒక్క మనిషేనని. మీ నాన్నగారు తల తిప్పి చూశారు. లాంచీ వెనక్కి వచ్చింది. తమ్ముడు లాంచీలోకి దూకాడు, వాడి వెనకే ఇంకో అయిదుగురు దూకారు. ఆయన ఎవరి కోసం ఆపారో ఆ మనిషిని నేనే. ఇంటికెళ్ళాక అమ్మ సరంగును తిడుతుంటే నేను నోరు విప్పలేదు. ఇరవై ఏళ్ళు విప్పలేదు. ఆవిడ పోయాక ఆ తిట్టు తీసుకెళ్ళి సర్వస్వంలో పెట్టాను.

నివేదిక చివర సాక్ష్యాలున్నాయి. మీ నాన్నగారిని అడిగారు: ‘విప్పిన లాంచీని మళ్ళీ ఒడ్డుకి ఎందుకు ఆనించావు?’ ఆయన: ‘ఎక్కాల్సిన మనిషి కనబడ్డాడు.’ ‘ఒడ్డు మీంచి ఎవరో కేక వేశారని మిగతావాళ్ళు అంటున్నారు. ఎవరు?’ ‘తెలియదు. గాలిలో వినబడలేదు.’

వినబడి ఉండదు. పాపం ఆయన ఎవరి కోసం ఆగారో కూడా ఆయనకి తెలియదు. చెప్పాలో వద్దో నీ ఇష్టం.

భూతద్దం


రాళ్ళ షెడ్డు

మాస్టారూ,

కమిటీ కొత్త కాగితం నిన్న వచ్చింది. తొమ్మిది వరుసలు. గొలుసు తెగడం వల్ల అని ఉంది. సరంగు అన్న మాట ఒక్కచోటే ఉంది, ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకి చేర్చాడన్న చోట. చదవగానే ప్రాణం లేచొచ్చింది. పన్నెండుసార్లు చదివి, అప్పుడు నాన్న చేతికిచ్చాను.

ఆయన చదివి, “ఈ పిల్లల సంగతి వీళ్ళకెలా తెలిసింది?” అన్నాడు. అప్పుడు మీ ఉత్తరాలన్నీ మొదటినుంచీ చదివి వినిపించాను. ఆఖరిది చదవాలా వద్దా అని తటపటాయించాను. చదివేశాను. గాలిలో వినబడలేదన్న చోటికి రాగానే ఆయన చేత్తో ఆపమన్నాడు.

“వినబడకపోవడమేమిటమ్మా. నల్ల గొడుగు. ఆ కుర్రాణ్ణి బాగా చూశాను. విచారణనాడు గది బయట బల్ల మీద వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. నేను లోపలికి వెళ్తుంటే తల వంచేసుకున్నాడు. ఆవిడ మాత్రం నావంక అలాగే చూస్తోంది. లోపల అడిగారు, కేకేసింది ఎవరని. తలుపు తీసే ఉంది. ఏం చెప్పినా ఆవిడకి వినబడుతుంది. తెలియదన్నాను.”

“ఎందుకు నాన్నా?” అన్నాను.

“ఆవిడకి వాడొక్కడే మిగిలాడు. వాడి మొహం చూస్తూ బతకాలి కదా. నన్ను ఎంత తిట్టుకున్నా ఏం పోతుంది, నేను పరాయివాణ్ణి.”

ఆ మాట అని పొడి ఊదుకోవడంలో పడ్డాడు. మిమ్మల్ని ఒకసారి చూడాలని ఉందన్నాడు. వచ్చేటప్పుడు మీ తమ్ముడి ఫొటో ఉంటే తెమ్మన్నాడు.

రండి. వద్దనను. కానీ నేను మంచిగా మాట్లాడతానని మాటివ్వలేను. నిన్నటినుంచీ నాకు ఆయన మీదే ఎక్కువ కోపంగా ఉంది. పరాయివాణ్ణి అన్నాడు. ఆవిడకి పరాయివాడే మాస్టారూ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఆయన నాకు నాన్న.

ఉలి